ఈ గ్లాసు ఎవురిది

ఫోన్లో చూపించింది కుసుమ.
ఏదో దేశంలో మంచుకొండ కడుపులో గుహ,
చలికాలంలో మాత్రమే లోపలికి రానిస్తారంట.
సోడాబుడ్డి లోపల నిలబడినంత నీలం.
"మామా, మన కోల్డ్ రూములో గూడా ఇట్టే ఉంటాదా?"

మొగిలప్ప ఫోను చూళ్ళేదు.
ఆ పిల్ల కాళ్ళు చూసినాడు.
చెప్పులు.

"రేపు బూట్లు లేకుండా వస్తే
గేటు కాడ్నించే మురకంబట్టు బస్సెక్కిస్తా.

ఈడ నీలం ఉండదు మే.
తోతాపురి గుజ్జు డ్రమ్ములుంటాయి, వరసకు నలభై.
చిత్తూరు ఎండనంతా వాటిలో పోసి మూతబెట్టి
సున్నాకు ఇరవై కింద పండబెట్టినాం.
దాన్ని లేపకుండా పోయి రావాల,
అంతే పని.

తడి చేత్తో ఇనుము ముట్టుకోవద్దు.
చెయ్యి నువ్వు లాక్కుంటావు,
తోలు అది ఉంచుకుంటాది.

ఫ్యాన్ల కింద ఐసు దిగుంటాది
ఏనుగు దంతాల మాదిరి.
బాగుంటాది, కాదన్ను.
దాని కింద మాత్రం నిలబడొద్దు.
గట్టిగున్నంతసేపు ఐసు ఎవుర్నీ ఏమీ అనదు.
కరెంటు పోయొచ్చినాక,
కరగాల్నా వద్దా అని యోచన జేస్తాదే,
అప్పుడు పడతాది.

చలికి భయపడొద్దు.
పళ్ళు టకటకమంటా ఉంటే
ఒళ్ళు ఇంకా నీతో మాట్లాడతా ఉందని.
ఆ మాట నిలిచిపోయి
రొంత వెచ్చగా, నిద్రొచ్చినట్టు,
ఎవురో ఒళ్ళో తల పెట్టుకోమన్నట్టు ఉంటాది చూడు,
ఆ ఒడిలో కూర్చోవద్దు."

గోడకు పదకొండు మేకులు.
లోపలికి పోయేటోళ్ళు ఇత్తడి బిళ్ళ తగిలించాల,
బయటికొచ్చినాక తీసుకోవాల.
ఏడో నంబరు బిళ్ళ
బొటనవేలితో రుద్దీ రుద్దీ
అంకె అరిగిపోయింది.

"ఇది నాది.
నెలగంట పట్టే ముందురోజు, ముసురు,
ఆఖరి బస్సు తొందరలో అందరూ.
నేను బిళ్ళ తగిలించలా.
చొక్కా జేబులోనే ఉండిపోయింది.
మేకులన్నీ ఖాళీ. లోపల ఎవురూ లేరని
క్లర్కు గొళ్ళెం పెట్టేసినాడు.
లోపలి పక్క నొక్కే బొత్తాము
ఐసు పట్టి రాయి అయిపోయుంది.
పొద్దున నొక్కి చూసుంటే తెలిసేది.
చూళ్ళా.

పైపు మింద కొట్టలేదు నేను,
పగిలితే అమోనియా.
తలుపు మిందే కొట్టినా, చెక్కతో.
అరచెయ్యంత మందం తలుపది,
నా దెబ్బ నాకే సరిగ్గా వినపడలా.
ఖాళీ పెట్టెలు ఈ మూల నుంచి ఆ మూలకు మోసినా,
ఆ మూల నుంచి మళ్ళా ఈ మూలకు.
నా జన్మలో అంత వొట్టి పని ఎప్పుడూ చెయ్యలా."

"ఎట్ట బయటికొచ్చినావు మామా?"

"టీ అమ్మే నాగూరమ్మ.
గ్లాసులు కడుక్కుందామని వచ్చింది.
పదకొండు పోసింది,
పది ఖాళీ.
ఒకటి మీగడ కట్టి అట్టనే ఉంది.
బిళ్ళలు లెక్కబెట్టినోడు ఇంటికి పొయినాడు.
ఆయమ్మ మాత్రం వానలో నిలబడి అరిచింది,
'ఈ గ్లాసు ఎవురిది?
ఎవురిదిరా ఈ గ్లాసు?'

ఆ టీ తాగినా నేను.
చల్లారిపోయిందంట.
నాకు నాలిక కాలింది."

మొగిలప్ప లేచి
బొత్తాము నొక్కి చూసినాడు ఒకసారి.
తలుపు బయటికి తెరుచుకుంది,
తెల్లటి పొగ పాదాల మిందికి పాకింది.
కుసుమ తనే ఇంకోసారి నొక్కి చూసింది.

అప్పుడడిగినాడు ఫోను.
కళ్ళకు దూరంగా పట్టుకుని
నీలాన్ని దాటి వేలు పెట్టి
తలలు లెక్కబెట్టినాడు.

"నలుగురు.
బొమ్మ తీసినోడితో ఐదు.
ఐదుగురూ బయటికొచ్చినారా మే?"