అంచుల పైసలు

పదకొండేండ్లు బ్రేకర్ పట్టిన చేతులు నావి.
కొండ పగిలింది, దారి పడ్డది,
మిషన్ బంద్ చేసి ఇంటికి పంపినా
మోచేతుల్ల అది ఇంకా నడుస్తనే ఉన్నది.
చాయ్ సగం గ్లాసే పోయించుకుంట.
బ్యాంకుల సంతకం నెలకో తీరు పడుతది.

వచ్చే నెల క్యాంపు ఎత్తేస్తరు.
తొమ్మిదో నంబర్ రూమ్ పదహారు మందిమి,
కొందరు సోహార్‌కు, కొందరు సలాలాకు, ఎవడెక్కడికో.
తలా ఐదు రియాళ్లు ఏసి
నన్ను రూవీ బజారుకు తోలిండ్రు,
కెమెరా తెలిసినోడినని కాదు,
బేరం తెలిసినోడినని.

షాజహాన్ కౌంటర్ మీద రెండు పెట్టిండు.
“రెండూ వణుకు ఆపేవే భాయ్.
ఇది డెబ్బై ఎనిమిది. లోపల లెక్క చేసి బొమ్మను నిలబెడతది,
కాకుంటే నాలుగు దిక్కుల ఇంత ఇంత కోసేస్తది.
అంచులు పోతయి, అంతే.
ఇది నూట తొమ్మిది. అద్దమే తేలుతుంటది,
నువ్వు కుడికి వణికితే అది ఎడమకు జరుగుతది.
ఏదీ కోయదు.”

అంచులు పోతయి, అంతే!
అంచుల ఎవరుంటరో ఆయనకేం ఎర్క?
ఏ ఫోటో తీసినా ఆ కొసకే షఫీకుల్,
మా వంటాయన,
సగం భుజం, ఒక చెవి.
రూమ్‌ల ఎంతమందిరా అంటే
పదిహేనని చెప్పి నాలుక కరుసుకుంటం.

చేతులు అప్పుడు తీసిన జేబుల్ల నుంచి.
నూట తొమ్మిదిదాన్ని వీధి దిక్కు పట్టిన.
వేళ్లు ఎప్పటిలెక్కనే ఆడుతున్నయి,
తెర మీద రూవీ మాత్రం
గిన్నెల నెయ్యి పేరుకున్నట్టు నిలబడ్డది:
జ్యూస్ దుకాణం, నారింజ పట్టీ టాక్సీ,
వెనక ఇనుపరంగు కొండ.
షాజహాన్ తెర చూసి నవ్విండు.
నా చేతులు చూసి ఊకున్నడు.
రెండు రియాళ్లు తగ్గించిండు, నేను అడగకముందే.
బేరం ఆడుడు మర్చిపోయిన.
బూట్లకని దాచినయి కలిపి కట్టిన.

రాత్రి అందర్నీ గోడకు వరుస పెట్టిన.
“కదలకుండ్రి” అన్న.
“చెప్పేటోడు ఎవడో చూడుండ్రి” అని ఒకటే నవ్వు.
ఎడమ కొసకు షఫీకుల్,
రెండు భుజాలు, రెండు చెవులు, తువ్వాల సుద్ద.
ఎర్ర చుక్క వెలిగింది.
మూడు సెకండ్లు కూడా కాలే,
“చావల్!” అని కేక పెట్టి
బయటికి ఉరికిండు.

పదిహేను మందిని ఆడనే వదిలి
కెమెరా ఆయన ఎనకాల తిప్పిన.
అన్నం నిజంగనే అడుగంటింది.