పద్దు

పట్నం బజారులో ఎరువుల కొట్టు.
పద్దెనిమిదేళ్లుగా గుమస్తాని.
ఎవరికెన్ని కట్టలు, ఎంత బాకీ, నూటికి రెండు వడ్డీ,
గుంటూరు చుట్టుపక్కల చేలన్నీ
నా చేతిరాతలోనే పండాయి, నా చేతిరాతలోనే ఎండాయి.

ఫిరంగిపురం వైపు నుంచి జక్రయ్య వచ్చేవాడు.
రెండెకరాల కౌలు మిరప.
మాట తక్కువ, దగ్గు ఎక్కువ.
ఎకరానికి నాలుగు కట్టల డీఏపీ.
"పక్క చేనోడు నాలుగేశాడు గుమస్తా,
నేను మూడేస్తే మొక్క నన్ను తిడద్ది."
నవ్వలేదు. నేనూ నవ్వలేదు. రాశాను.

ఒకసారి చొక్కా జేబులోంచి
చెమటకి మెత్తబడ్డ మట్టి పరీక్ష చీటీ తీశాడు.
భాస్వరం అధికం. జింకు అల్పం.
"ఇంత తిండి పెడితే
ఎందుకు గిడసబారింది మరి?"
జవాబు నాకు తెలీదు.
తెలీనప్పుడు గుమస్తా చేసే పనే చేశాను,
ఇంకో కట్ట రాశాను.

జవాబు బాపట్ల కాలేజీ నుంచి వచ్చింది.
పల్లె పనికి వచ్చిన పిల్ల, నఫీసా,
బల్ల మీద నా తక్కెడ పక్కకి జరిపి
సూక్ష్మదర్శిని పెట్టింది.
"చూడండి బాబాయ్."
ముందు నా కనురెప్పే కనిపించింది.
తర్వాత
వెంట్రుకంత వేరు, ఇటుకల్లాంటి గదులు,
ఒక్కో గదిలో ఒక్కో చెట్టు.
రంగు వేసి చూపించిన నీలం చెట్టు,
కొమ్మలు, రెమ్మలు,
ఆకులు మాత్రం లేవు.

"ఇది బూజే. మంచి బూజు.
దీని దారాలు వేరు చెయ్యి చాలని సందుల్లోకి పోతాయి,
భాస్వరం తెస్తాయి, జింకు తెస్తాయి.
ఆకు వండిన పంచదారలో
పిడికెడు పుచ్చుకుంటాయి."
వడ్డీ ఎంత అని అడిగాను.
పిల్ల పకపకా నవ్వింది.
"కానీ బాబాయ్, మీరు కట్టలు కుమ్మరిస్తే
మొక్క దీన్ని గుమ్మంలోంచే పంపేస్తది.
కడుపు నిండినోడు పొరుగింటి తలుపు కొడతాడా?"

ఆ రాత్రి అన్నం కలుపుతూ
పద్దెనిమిదేళ్లలో ఎన్ని తలుపులు మూయించానో
కట్టల్లో లెక్కేశాను.
తెగలేదు.

ఆషాఢంలో జక్రయ్య నారుమడి.
ముక్కుపొడి లాంటి గోధుమరంగు పొడి,
మాగిన పశువుల పెంటలో కలిపి
విత్తనం కింద పరిచాడు.
"దీనికి వాసనే లేదు, ఇదేం మందు?"
వాసన లేని మందుని నమ్మడం
మా వైపు చాలా కష్టం.
డీఏపీ మానమని ఎవరూ అనలేదు,
ఎకరానికి ఒక్క కట్ట, వేరుకి దూరంగా.
షావుకారు పద్దు చూసి కళ్లజోడు తీశాడు.
"కొట్టు నీదా, నాదా?"

ఇక్కడ కథ తియ్యగా ముగిస్తే
అబద్ధం అవుతుంది.
పూత మీద నల్ల తామర పురుగు పడింది.
పువ్వులు పువ్వుల్లాగే రాలిపోయాయి.
వేరులో ఎన్ని నీలం చెట్లుంటే ఏం,
ఆకాశం వైపు నుంచి వచ్చిన దాన్ని
నేల లోపలి బంధువు ఆపలేదు.
పక్క చేనోడికీ పోయింది, జక్రయ్యకీ పోయింది.
తేడా ఒకటే,
వీడికి పోవడానికి అప్పు తక్కువుంది.

మాఘంలో ఒక మొక్క వేళ్లతో సహా పీకి
గోనె సంచిలో చుట్టి తెచ్చాడు.
రెండోసారి పూసి, ఆలస్యంగా కాసిన ఎనిమిది కాయలు దానికి.
దులిపాడు. మట్టి రాలలేదు.
మళ్లీ దులిపాడు.
పిల్లకోతి తల్లిని పట్టుకున్నట్టు
నల్లరేగడి వేరుని పట్టుకునే ఉంది.
"ఎప్పుడూ గలగలా రాలేది గుమస్తా."
దగ్గాడు. బీడీ వెలిగించలేదు.
"వచ్చే ఏడు అర కట్టే రాయి."

బకెట్లో నీళ్లు పోసి వేరు కడిగాను.
కళ్లు చికిలించి చూశాను.
ఏమీ కనిపించదు. తెలుసు. అయినా చూశాను.

సాయంత్రం పద్దు రాస్తూ
జక్రయ్య పేరు ఎదుట
కట్టల గడిలో అర వేశాను.
మిగిలిన అరకి ఏం రాయాలో తోచక
పెన్సిలుతో
ఆకుల్లేని చిన్న చెట్టు గీశాను.

రేపు షావుకారు అడుగుతాడు,
ఇది ఎవరి బాకీ అని.