పదణాలు

యార్డులో మూటకు యాభై కిలోలని రాస్తారు.
వాన తడిస్తే అది అరవై.
ఆ పదికి కూలి ల్యాదు.
ఆ పదే వచ్చి నా నడుములో కూర్చుంది.

మాబువలి మామ దుకాణం కర్నూలు వన్‌టౌన్‌లో,
హంద్రి వాసన తగిలే సందు.
ఒకటే గది, నడాన పచ్చ పరదా.
ఇటు ఆయన గాజు గ్లాసులు,
అటు సుచరితమ్మ బల్ల.
బెంగుళూరు పోయి ఎముకలు సర్దే చదువు చదివొచ్చిందా యమ్మ.
బాడుగ చెరిసగం.

కండలో గాలి గడ్డకట్టిందంటాడు ఆయన.
వెన్ను నాలుగో మెట్టు కాడ పక్కకు తిరిగిందంటాది ఆమె.
గట్టు కాడ దాయాదుల మాదిరి
ఇద్దరూ నా నడుము మీదే కొట్లాడుకుంటారు.
బోర్లా పడుకున్నోన్ని, నాకేం తెలుసు,
కింద బేతంచెర్ల బండలో
తెల్లగీత ఒకటి యాడికి పోతాదో చూస్తాంటా.

"కండ వదులు చేసిస్తా, ఆపైన నువ్వు విరుచుకో తల్లీ."
"విరవడం కాదు మామా, సర్దడం."

దూది అంటుకుంటాది.
మంట గ్లాసులోకి దూరి, అప్పుడే బయటికొస్తాది,
దొంగతనానికి పోయి ఏమీ దొరకనట్టు.
మిగిలిన ఖాళీ నా వీపు మీద మూతి పెడతాది.
తోలు లేస్తాది, కండ లేస్తాది.
ముప్పై ఏండ్లు
ఈ వీపును అందరూ కిందికే నొక్కినారు.
పైకి లాగింది ఈ గ్లాసే.

ఏడు గ్లాసులు. పది నిమిషాలు. దగ్గకూడదు.

తరువాత పరదా అవతలికి.
"ఊపిరి వదులు" అంటాది సుచరితమ్మ.
వదిలే లోపలే టక్‌మంటాది,
ఎండిన కందికట్టె విరిగినట్టు.
"అది నొప్పి కాదు, చప్పుడే" అంటాది.
చప్పుడుకే భయపడినానని చెప్పను.

ఇంటికొచ్చి చొక్కా తీస్తే
నా బిడ్డ నాగేశ్వరి వేలు పెట్టి లెక్కపెడతాది.
"నాయనా, నీ వీపున ఏడు ఎర్రగడ్డలు!"
ఒకటో రకమా, రెండో రకమా?
"ఆరు మంచియే. ఈ మూలది నల్లబడింది,
ఏరి పారేయాల."

నొప్పి పోయిందా అని మేస్త్రి అడిగె.
రూపాయిలో పదణాలు పోయింది.
ఆరణాలు నాతోనే ఉంది, ఉండనీ.
అది గూడ పోతే
మూటెత్తేటప్పుడు ఒంగాలని ఎవరు గుర్తు చేస్తారు?

మొన్న మంగళవారం యార్డుకు గడ్డ రాలేదు.
ధర పడి, రైతులు చేన్లోనే గొర్రెలకు వదిలినారంట.
పనిల్యాని నడుము ఇంకా ఎక్కువ పీకె.
సందులోకి పోతే
మామ గోడ పట్టుకోని నిలబడినాడు, కదల్లేక.
"మద్దిలేటీ, నా వీపు నాకు అందదురా" అనె.

అంగీ తీసినాడు.
మెడ కింద, కుడి పక్క, మొద్దుబారిన బొడిపె.
దాన్ని నేనెరుగుదును.
నాకూ అక్కడే ఉంది.
పద్దెనిమిదేండ్లు ఇదే యార్డులో మోసినాడంట.
ఇన్ని మంగళవారాలు నా వీపు చూసినోడు
ఒక్కనాడూ చెప్పలేదు.

నా చెయ్యి వణికె.
దించడమంటే నాకు తెలిసింది
దబ్‌మని దించడమే.
పరదా పక్కకు జరిపి సుచరితమ్మ,
"మంటను చూపించి తియ్యన్నా. గ్లాసును పెట్టు, పడేయాకు" అనె.

మొదటిది జారిపాయ.
రెండోదీ జారిపాయ, మామ ఏమనలేదు.
మూడోది పట్టె.
పెనం మీద జొన్నరొట్టె మాదిరి
ఆ ముసలి తోలు మెల్లగా పొంగె.

బరువుగా ఉందా మామా అన్నా.
బండ కేసి మొగం పెట్టి
అట్లనే నవ్వినాడు.
"యాభయ్యే లేరా.
తడవలేదు."