పదకొండో గడి

బంగారుపాళెం దాటినాక
మామిడి లారీలు వరస కట్టి నిలబడుండాయి.
బస్సు కిటికీలోనించి, మాస్కులోనించి
వాసన కనిపెడతా ఉండా:
ఇది ముగ్గింది, ఇది రాత్రి వానకి నానింది,
ఇది రేపటికి పనికిరాదు.
తొమ్మిది సీజన్లు గుజ్జు ఫ్యాక్టరీలో చేసిన ముక్కు ఇది.

ఈ ఏడు లోపలికి పోలేదు.

నా గుండెలో ఒక తలుపు నాది కాదు, లోహంది.
తిరపతి పెద్దాసుపత్రిలో ఏసినారు, మూడేండ్లయింది.
రాత్రి అందరూ పండుకున్నాక టిక్కు టిక్కు మంటుంది.
పాప చెవి ఆనించి విని
"అమ్మా, నీకు సెల్లు ఏసినారా?" అంటుంది.
నెత్తురు పల్చన చేసే మాత్ర మింగతానని
కత్తిబల్ల కాడినించి తీసి
కాయలు కడిగే తొట్టి కాడ పెట్టినారు.
ఆడ అరవైమందిమి, భుజానికి భుజం,
ఆవిరి, సొన,
ఎవురిదో దగ్గు.

డాక్టరమ్మ ఫోన్లోనే చెప్పేసింది:
"మొగిలమ్మా, నీకు తగిలితే నేను మాట ఇయ్యలేను. ఇంట్లో ఉండు."
ఉంటి.
మాత్రల అంగడోడు, నెత్తురు చూసే ల్యాబోడు, పాలామె,
వీళ్ళెవురూ ఇంట్లో ఉండమని చెప్పినోళ్ళు కాదు.

"పని పొయ్యినోళ్ళకి సగం కూలి ఇస్తారంట, మూడు నెల్లు,
కార్డుంటే చాలంట," అని సెల్వి చెప్పింది.
కార్డుంది.
నెలనెలా నా జీతంలో కోసిన చిల్లర కూడా ఉంది దాంట్లో.
పన్నెండుకంతా బస్సులు ఆపేస్తారని
మొదటి బస్సు పట్టినా.

అద్దానికి అవతల గుమాస్తా,
అద్దంలో అరచెయ్యంత బొక్క.
ఫారం తిప్పి పదకొండో గడి మీద పెన్ను పెట్టినాడు.
"పని ఎవరు మానిపించినారు?"
"ఎవురూ లేదు సార్. గేటు తెరిచే ఉంది."
"అయితే నువ్వే మానుకున్నట్టు."
"నేనూ మానుకోలేదు సార్."
"జబ్బు తగిలిందా?"
"తగలకూడదనే ఇంట్లో ఉండా."
"తగిలుంటే సిక్కు లీవు రాస్తా. తీసేసుంటే ఇది రాస్తా.
రెండూ కాకపోతే ఏం రాసేదమ్మా?"
కసురుకోలేదు. నిజంగానే అడిగినాడు.
ఆయనకీ మాస్కు కింద ఊపిరి బరువుగానే ఆడతా ఉండాది.

"గుండె మానిపించింది సార్."
"గుండె కంపెనీలో లేదు కదా."

కొంచేపు ఇద్దరం గమ్మునుంటిమి.
ఆయన తలెత్తి గోడ చూసినాడు.
"గడియారం పోయిన నెల్లోనే నిలిచిపోయిందే,
ఈ చప్పుడు యాడిది?"
పైట సర్దుకున్నా.
చెప్పుంటే కరిగేవాడేమో.
గుండె వినిపించి దుడ్లు అడిగేది
నాకు చాతగాలేదు.

గడి ఖాళీగానే వదిలి ముద్ర కొట్టినాడు,
పైకి పంపిస్తానన్నాడు.
ఈ ఊర్లో పైకి అంటే కొండకే.
నా ఫారం ఏ పైకి పొయ్యిందో,
మామిడి సీజను అయిపోవచ్చింది, ఇంకా దిగిరాలేదు.

తొట్టి కాడ నా చోట్లో ఇప్పుడు సెల్వి నిలబడతా ఉంది.
బట్వాడా నాడు ఇంటికి పొయ్యే దావలో
మా వాకిట్లో రాయి కింద నూర్రూపాయల నోటు పెట్టి
దూరంనించే చెయ్యెత్తి పోతుంది.
నోటు మీద సొన మరక.
సబ్బునీళ్ళలో ముంచి
పాప గౌను పక్కన దండేనికి క్లిప్పు పెట్టి ఆరేస్తా.
మరక పోదు.
అంగడోడు ఎండకి ఎత్తి చూసి
గల్లాపెట్టెలో ఏసుకుంటాడు.