చెక్ ట్రే

భీమవరంలో ఏరేటర్ల షాపు మేడ మీద షేర్ల ఆఫీసు.
మెట్లెక్కుతుంటే రొయ్యల మేత వాసన
వెనకాలే పైకొస్తుంది.
వాళ్ళ మోనిటర్ బాగుచెయ్యమని పిలిచారు నన్ను.
పెరిగిన షేర్లు పైన, తగ్గినవి కింద వస్తాయట.
పైసగం నల్లబడింది.
"వారం నుంచీ నష్టాలే చూస్తున్నాం" అన్నాడు కుర్రాడు,
నవ్వకుండా.

ఇవాళ మేరువ సిస్టమ్స్ లెక్కలు చెప్పే రోజు.
మదర్‌బోర్డులూ మోనిటర్లూ పవర్ సప్లైలూ చేసే కంపెనీ.
మూడు గంటలకట.

ముందు కుర్చీలో వేగేశ్న జోగిరాజు గారు,
పదహారెకరాల చెరువులు, రెండు వేల షేర్లు.
"చెక్ ట్రే ఎత్తి చూసుకోవడమేనండీ.
మేత మిగిలిందంటే రొయ్య తినట్లేదు.
వీళ్ళ గోడౌన్లో సరుకు మిగిలిపోయింది,
నిరుటికి రెట్టింపు.
తెల్లమచ్చ తేలాక వల దించితే కొనేవాడెవడు?
సగం పట్టేద్దాం, సగం నీళ్ళలో ఉంచుదాం."

చించినాడ వంతెన దాటి బస్సులో వచ్చాడు
అంబాజీపేట దొమ్మేటి ఎర్రబ్బాయి.
"కొబ్బరి ఎరగనోళ్ళ మాటండీ అది.
పచ్చికాయ అమ్మితే పచ్చికాయ ధరే.
అటకెక్కించి పది నెలలు మర్చిపోవాల.
లోపల గుండు విడిపోయి గలగలమంటాది,
అప్పుడది కురిడీ."
"కుళ్ళితేనో?"
"కుళ్ళితే కుళ్ళిద్ది.
పగలగొట్టేదాకా కాయక్కూడా తెల్దు."

సువార్తమ్మ టీచరుకి అరవై షేర్లు,
రిటైరైన డబ్బులో మిగిలినవి.
"మా బడికి మొదటి కంప్యూటర్ వీళ్ళదే.
హాజరు పట్టీ దాని మీదే కొట్టడం నేర్చుకున్నా.
ఓ రాత్రి పెంకు కారి నిలువునా తడిసింది,
ఎండబెడితే మూడోనాటికి వెలిగింది.
వెలిగినదాన్ని ఎలా అమ్మను?"
దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

"నువ్వు చెప్పు అబ్బులూ,
పొట్ట కోసి చూసేవాడివి నువ్వేగా."

చూశాను నిజమే.
పాత బోర్డుకి తొమ్మిది మరలు, ఇప్పటిదానికి ఆరు.
రాగి పలచనైంది,
తూకం అక్కర్లేదు, అరచేతికే తెలుస్తుంది.
ఉప్పుగాలి తగిలే నరసాపురం వైపు పెట్టెలు
రెండో వానాకాలానికే నా బల్ల మీదున్నాయి,
కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి.
రాజమండ్రిలో సర్వీసు సెంటరు ఎత్తేశారు.
ఫోనులో గొంతు మాత్రం మునుపటికన్నా తియ్యన.

ఒక్కో మర తీసేసినప్పుడల్లా
లాభం ఓ పైసా లేచింది, షేరు ఓ రూపాయి లేచింది.
ఆ రూపాయి నాకూ ముట్టింది,
నావీ నలభై ఉన్నాయి అందులో.
వాళ్ళు ఎంత నాసిగా చేస్తే నా షాపుకి అంత గిరాకీ.
రెండు వైపులా తింటున్నాను.

మొగల్తూరు దారిలో ఐసు ఫ్యాక్టరీలో
పాత మేరువ పెట్టె ఒకటి
పద్నాలుగేళ్ళుగా ఆగకుండా తిరుగుతోంది,
పేరుకున్న ఉప్పు, బల్లిగుడ్లు, ఎవరో పెట్టిన కుంకంబొట్టు.
నేను చూసినవాటిలో అదే గట్టి సరుకు.
దానివల్ల కంపెనీకి పద్నాలుగేళ్ళుగా
ఒక్క రూపాయి రాలేదు.
ఇది ఏ లెక్కలో రాస్తారో నాకు తెలీదు.

"ఏమంటావు, నిలబడుతుందా?"
"ఆయ్" అన్నాను.

అమ్మమన్నాననుకున్నారు రాజుగారు.
ఉంచమన్నాననుకున్నాడు ఎర్రబ్బాయి.
టీచరు కళ్ళజోడు తుడుచుకుంటూ
"అనుకున్నా" అన్నారు,
ఏమనుకున్నారో.

మూడు కావస్తోంది. కొత్త తీగ దొరకదు ఈ ఊళ్ళో.
మోనిటర్ వెనక చెయ్యి పెట్టి
రిబ్బన్ని బొటనవేలితో అదిమి పట్టాను.
అదిమినంతసేపే పైసగం వెలుగుతుంది.
"వచ్చింది! వదలకు అబ్బులూ, వదలకు!"
ముగ్గురూ ముందుకి వంగారు.
ఎవరి మొహం ఎలా ఉందో కనపడదు,
అంకె పైనుందో కిందుందో కనపడదు.
వేలు తిమ్మిరెక్కుతోంది.
నాకు కనపడేది వెనకవైపు:
మేరువ అని అచ్చు,
దాని కింద మరలకి నాలుగు కన్నాలు,
రెండు మరలు.