సగం బల్లెం

లోమియే సంతలో, ఎండుచేపల బుట్టల వెనక
కమ్మరి ఎసోంబా కూర్చునే చోటు నాకు ఎప్పట్నుంచో తెలుసు.
పాత లారీల కమానుపట్టీలు కాల్చి, సాగగొట్టి
గోనెపట్టా మీద ఆకుల్లా పరుస్తాడు.
మూడు వానాకాలాలు
కొనేవాడిలా ఆగి, కొననివాడిలా నడిచిపోయాను.

ఈసారి నా భుజాన రెండు డబ్బాల తేనె.
నలభై మూరల చెట్టు మీంచి దించింది,
ఎడమ కన్ను ఇంకా వాచే ఉంది.
ఎసోంబా వేలు ముంచి నాకి
"పలచగా ఉందే" అన్నాడు.
అలా అంటాడని అమ్మ ముందే చెప్పింది.
నేను మాట్లాడలేదు.
మాట్లాడకపోవడం కూడా బేరమే.
ఇంకోసారి నాకాడు.
పలచని తేనెను రెండోసారి ఎవరు నాకుతారు?

"ఇది ఇనుము వరకే. కర్ర నీది."

కాబట్టి బల్లెం కొన్నానని చెప్పుకోడానికి లేదు.
జానెడు ఇనుము కొన్నాను.
మాంసం కొన్నవాడికి చుట్టినట్టు
అరటాకులో చుట్టి ఇచ్చాడు.
దారంతా నడుముకి గుచ్చుకుంటూనే ఉంది.

కర్ర కోసం సొంబోలో మామతో వెళ్ళాను.
మామ ఒకప్పుడు తూమా, ఏనుగుకి ఎదురు నిలబడ్డ మనిషి.
ఇప్పుడు మోకాళ్ళు నొప్పంటాడు, పొగాకు అడుగుతాడు.
నేను చూపిన ప్రతి కొమ్మకీ తల అడ్డంగా ఊపాడు.
"ఇది వంకర. ఇది ఎండితే పగులుద్ది.
ఇది బానే ఉంది గానీ, చీమలు ముందే ఇల్లు కట్టుకున్నాయి."
పొద్దుగూకే వేళకి ఒకటి దొరికింది,
నా గడ్డం కన్నా రెండు బెత్తెలు పొడుగు.
బెరడు ఒలిచి, పొయ్యి మీద పొగకి కట్టాను.
ఆరు రాత్రులు దాని కిందే పడుకున్నాను.
"పొదుగుతున్నావా?" అంది చెల్లి సెంబా.

మొదటి విసురు అరటి బోదె మీదికి.
తగల్లేదు.
రెండోదీ అంతే.
మూడోది తగిలింది, అడ్డంగా, తెడ్డుతో కొట్టినట్టు.
పిల్లలు చెట్టెక్కి కూర్చుని అరుస్తున్నారు:
"త్వరగా అన్నా, అరటిచెట్టు పారిపోతోంది!"

మామ కూర్చున్న చోటునుంచే అన్నాడు:
"విసరకురా. అది రాయి కాదు.
అడవిపంది నీ మీదికే వస్తుంది, నీకు శ్రమ ఉండదు.
నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, తప్పుకోకుండా ఉండటం."
లేచొచ్చి కర్ర మొదలు నేలకి తన్నించి
నా అరికాలు దానిమీద పెట్టించాడు.
ఆ తర్వాత, ఆ నొప్పి మోకాళ్ళ మీదే వంగి
ఘుర్రుమంటూ వచ్చాడు.

నవ్వుదామనుకున్నాను.
ఆ ముసలి కళ్ళలో మామ లేడు.
మొన అతని రొమ్ముకి జానెడు దూరంలో వణికింది.
ఇనుము వణకదు. వణికింది నేను.
బల్లెం పక్కకి తిప్పేశాను.
మామ తలతో నా తొడ మీద కుమ్మి
"చచ్చావ్" అన్నాడు
బురద దులుపుకుంటూ, ఎంతో తృప్తిగా.

ఎర్రరంగు పూసిన చెట్లు దాటితే
అడవి ఇప్పుడు మాది కాదట.
కాపలావాళ్ళకి దొరికితే ఇనుము వాళ్ళకి, దెబ్బలు నాకు.
"కర్ర మాత్రం నీకే వదిలేస్తార్లే" అన్నాడు మామ.
అయినా తెల్లారకముందే వెళ్ళాను.
బురదలో గిట్టల జాడ, ఇంకా నీరు ఊరుతూనే ఉంది.
ఆ జాడ నేరుగా ఎర్రచెట్ల కిందినుంచి పోయింది.
పందికి రంగులు చదవడం రాదు.
నాకు వచ్చు.
చాలాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి అమ్మ దుంపతీగ దగ్గర
విరిగిన పుల్లతో తంటాలు పడుతోంది.
నా ముఖం చూసింది, ఏమీ అడగలేదు.
చెయ్యి చాపింది. బల్లెం ఇచ్చాను.
నాలుగు పోట్లకి దుంప బయటికొచ్చింది, చంటిపిల్లాడి తొడంత.
"మొన బాగుంది" అంది.
"తేనెకి తగ్గట్టే ఉంది."

ఆ రాత్రి అందరం తిన్నాం.
బల్లెం మొదటి వేట గురించి ఎవరూ పాడలేదు.
మామ మాత్రం రెండో ముక్క అడిగి తీసుకుంటూ
ఎదురు తిరిగిందా, అని అడిగాడు.