భుజాలు తడుముకున్న నెల

వాల్దివియాలో జూలై అంటే వాన.
వాన లేని రోజు, రాబోయే వాన.
నెలకో మంగళవారం
ఇర్మా కుట్టుమిషన్ల దుకాణం వెనక గదిలో
కట్టెల పొయ్యి చుట్టూ తొమ్మిది కుర్చీలు వేస్తాం.
ఉండేది ఏడుగురం. మిగతా రెండూ తడి గొడుగులకి.

నవల ఎవరు చెప్పారో తెలిస్తే చాలు,
సగం కథ నాకు ముందే తెలిసిపోతుంది.
ఎదెల్మీరా చెబితే, ముగిసేలోపు ఎవరో ఒకరు నీళ్ళలో పడతారు.
రోసమెల్ చెప్పేవి ఇటుకలు,
పెళ్ళాంతో మాట్లాడకుండా ఒక చలికాలం గడపడానికి
ఎన్ని పేజీలు కావాలో సరిగ్గా అన్ని.
ఇర్మాకి చివర్లో పెళ్ళి జరగాలి,
పోనీ, ఉత్తరమైనా రావాలి.
నేను చెప్పేవి బక్కవి.
"నీకెప్పుడూ తొందరే" అంటారు.
పాతికేళ్ళు నియేబ్లా రేవులో టికెట్లు చింపినదాన్ని,
ఒంట్లో గడియారం ఇంకా ఆగలేదు.

జూన్ చివర ఒక పొద్దున
రొట్టెల నొల్బెర్టో నా సంచీలో
రొట్టెల మీద ఒక నవల పెట్టాడు.
"చదువు. ఇందులో నువ్వున్నావు."
అంతే. చిల్లర ఇచ్చి
తర్వాతి మనిషి వైపు తిరిగాడు.

నచ్చిందని ఇవ్వడం వేరు,
నువ్వున్నావని ఇవ్వడం వేరు.
చేతిలో అద్దం పెట్టి
దీపం ఆర్పి వెళ్ళిపోవడం అది.

మొదటి అధ్యాయంలోనే ఒకావిడ
పంచదార చెంచాలు లెక్కపెట్టి
డబ్బాకి తాళం వేస్తుంది.
గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే
నా భుజాలు తడుముకున్నాను.
లేచి వెళ్ళి నా డబ్బా చూశాను.
మూత గట్టిగా బిగించి ఉంది.
చీమలకి, అని నాకు నేనే సంజాయిషీ.

నలభయ్యో పేజీలో ఆవిడ చెల్లెలితో మాటలు మానేస్తుంది.
నా చెల్లెలు ఒసోర్నోలో ఉంది.
ఫోనుంది. ఇద్దరికీ ఉంది.

వందో పేజీకి నొల్బెర్టో దగ్గర కొనడం మానేశాను.
అవతలి వీధి రొట్టెలో ఉప్పెక్కువ.
నవల మాత్రం వదల్లేదు.
కోపంతో చదివినంత శ్రద్ధగా
ఏ పుస్తకాన్నీ ప్రేమతో చదవలేదు నేను.

మంగళవారం.
ఎదెల్మీరా వర్ణనలు తగ్గిస్తే బాగుండేదంది.
రోసమెల్ ఉప్పు లేని గంజన్నాడు.
ఇర్మా తను ఎక్కడ ఏడ్చిందో చెబుతూ
మళ్ళీ ఏడ్చింది.
నేను పొయ్యిలోకి చూస్తూ అడిగాను:
"ఆ పంచదార మనిషినా నేను?"

నొల్బెర్టో బిత్తరపోయాడు.
పుస్తకం లాక్కుని, వేలు తడి చేసుకుని,
వెతికి వెతికి
నూట ఎనభై ఏడో పేజీ నా ఒళ్ళో పరిచాడు.

రెండే వాక్యాలు.
పేరు లేని ఒక టికెట్ల మనిషి.
రేవు మీద పరిగెత్తుకొస్తున్న కుర్రాణ్ణి చూసి
పడవ తాడు విప్పకుండా పట్టుకుని నిలబడుతుంది.

"తొంభై ఒకటి, ఆగస్టు" అన్నాడు.
"మా అమ్మ అవతల ఆసుపత్రిలో ఉంది."

ఆ పేజీ చదివే ఉంటాను.
కోపం మీద దాటేసి ఉంటాను.

అందరూ నన్ను మంచిదాన్ని చూసినట్టు చూశారు.
తలూపాను. టీ అందుకున్నాను.

నాకా ఆగస్టు గుర్తు లేదు.
గుర్తున్నవి, ఆగకుండా వెళ్ళిన పడవలు.
ఒకసారి ఒక ముసలాయన, చంకలో కోడిపిల్లల పెట్టె,
గట్టు చివర నిలబడి చెయ్యూపాడు.
నేను మొహం తిప్పుకుని
చింపిన ముక్కలు లెక్కపెట్టుకున్నాను.
ఆయన ఏ నవల్లో నిలబడి ఉన్నాడో,
దాన్ని ఎవరు ఎవరికి చదవమని ఇచ్చారో.

ఇంటికొచ్చి ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాను.
తడి తాడు అరచేతుల్ని ఎలా కోస్తుందో
రాసినవాళ్ళకి తెలియదు.
మార్జిన్లో పెన్సిల్‌తో రాశాను.

ఒసోర్నోకి ఒక ప్రతి పంపాలి.
ఇందులో నువ్వున్నావు, అని మాత్రం రాయను,
మా ఇంటి పిల్లే కదా, తనూ భుజాలు తడుముకుంటుంది.
పేజీ అంకె ఒక్కటే వేస్తాను.
ఏ పేజీయో
ఇంకా తేల్చుకోలేదు.